చివరి బెంచీకి వినబడవలెను

టీవీకి డీవీడీ ప్లేయరు తగిలించడానికి ఎంతసేపు పడుతుందండీ? మూడు పిన్నులు, మూడు కన్నాలు. పసుపుది పసుపులో, ఎరుపుది ఎరుపులో, తెలుపుది తెలుపులో. పసుపుది బొమ్మకి, మిగతా రెండూ శబ్దానికి. అంతే సంగతి. సుగుణమణి టీచరు కొంగు బిగించి, స్టూలెక్కి, టీవీ వెనక బూజు దులిపి మరీ రెండు నిమిషాల్లో పెట్టేసింది. ఆ రెండు నిమిషాల పని సర్కారు వారి లెక్క ప్రకారం సక్రమంగా పూర్తవడానికి మూడు నెలల పైచిలుకు పట్టింది. తప్పెవరిదంటారా? అబ్బే, ఎవరిదీ కాదు. అందరూ రూలు ప్రకారమే నడుచుకున్నారు. అదే వచ్చిన చిక్కు.

సుగుణమణి పనిచేసేది బధిరుల ఉన్నత పాఠశాలలో. అక్కడి పిల్లలెవరికీ వినబడదు. వినబడదనే కదా అక్కడ చేర్చుకున్నారు! పాఠాలన్నీ చేతి సైగలతోనే. ఆవిడ లెక్కలు చెబుతుంది. సైన్సు చెప్పే టీచరు ఆరేళ్ళ క్రితం రిటైరైతే, ఆ కుర్చీ ఇంకా ఆయన కోసమే ఎదురుచూస్తోంది. కిందటేడు టెన్త్ రాసిన తొమ్మిదిమందిలో ఏడుగురు సైన్సులో పోయారు. పోయిన ఆడపిల్లలు మర్నాటి నుంచి రొయ్యల షెడ్డులో తొక్కలు వలుస్తున్నారు. ఈ ఏడు రాయాల్సినవాళ్ళు పదకొండుమంది. అందులో నూకరత్నం అనే పిల్ల ఉంది. లెక్క ఇస్తే బోర్డు మీద పూర్తిగా రాసేలోపే జవాబు చూపిస్తుంది. కానీ ఏం లాభం? సైన్సు పోతే ఆ పిల్ల చేతులూ రొయ్యల పాలే. వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ ఆ షెడ్డులోనే పనిచేస్తుంది. వచ్చే ఏడు కూతురి కోసం పక్కన పీట కూడా మాట్లాడి ఉంచింది.

అలాంటి సమయంలో నవంబరులో 'తెర మీద పాఠం' అనే పథకం వచ్చింది. బడికో టీవీ, ఓ ప్లేయరు, డిస్కుల కట్ట. బధిరుల బడికి పంపిన డిస్కులు చూసి సుగుణమణికి కళ్ళనీళ్ళు తిరిగాయి. సైన్సు పాఠాలు మొత్తం సైగల్లో! తెర మీద ఒకావిడ నిలబడి, గుండెలో రక్తం ఎటునుంచి ఎటు పోతుందో చేతులతో చెబుతుంటే మన గుండె మనకే కనబడుతున్నట్టుంది. మాట లేదు, పాట లేదు, నేపథ్యంలో చిడతల చప్పుడు కూడా లేదు. ఆ డిస్కుల్లో శబ్దమన్నదే పెట్టలేదు. ఎవడో బుర్రున్నవాడే చేశాడు.

సుగుణమణి పిన్నులు తగిలించి మీట నొక్కేసరికి బొమ్మ వచ్చింది. పదకొండుమందీ బెంచీ అంచుల్లోకి జరిగారు. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు లోకనాథం గారు పరుగున వచ్చి, ఉన్న మూడు పిన్నులూ ఊడబెరికేశారు.

"అమ్మా సుగుణా! కొంప ముంచేస్తావా ఏం? ఫారం నాలుగు కాలేదు!"

లోకనాథం గారు చెడ్డవారు కారు. ఏడు నెలల్లో రిటైరవబోతున్నారు. అలాంటి మనిషికి కాగితమంటే పామంత భయం. ఆయన చేతిలో పద్నాలుగు పేజీల మార్గదర్శక సూత్రాల సర్క్యులరు ఉంది. అందులో ఏడో నిబంధన వేలు పెట్టి చూపించారు.

"టీవీ, ప్లేయరు అనుసంధానమైన పిదప శబ్దము తరగతి గదిలోని చివరి బెంచీకి వినబడవలెను. చివరి బెంచీ విద్యార్థి 'నాకు స్పష్టముగా వినబడినది' అని ఫారము నాలుగులో స్వదస్తూరీతో ధ్రువీకరించవలెను. అట్టి ధ్రువీకరణ లేనిదే పరికరములను వినియోగించరాదు."

సుగుణమణి ఒకటికి రెండుసార్లు చదివింది. "ఏవండీ, మన పిల్లల్లో మొదటి బెంచీ వాళ్ళకే వినబడదు కదండీ?"

"అవుననుకో."

"డిస్కులో శబ్దమే లేదు కదండీ?"

"అదీ నిజమే."

"మరి?"

"మరేముంది? పైకి రాద్దాం."

రాశారు. 'మా విద్యార్థులు బధిరులు గనుక, శబ్ద పరీక్ష నుంచి మినహాయించ ప్రార్థన.' నలభై రోజులకి జవాబొచ్చింది. 'పైన ఉదహరించిన మీ లేఖను పరిశీలించడమైనది. శబ్దము వినబడుటలేదని మీరు తెలియజేసిన లోపమును సరిదిద్దు నిమిత్తము వాల్యూము పెంచవలసినదిగా సూచించడమైనది.' ఇంకా వినబడకపోతే దృశ్య శ్రవణ ఉపసంచాలకులు భుజంగరావు గారు స్వయంగా దయచేసి వినిపిస్తారని కూడా అందులో ఉంది.

అన్నట్టే జనవరి మొదటివారంలో భుజంగరావు గారు దయచేశారు. ఆయన వెనక వ్యానులో బీరువాలంత స్పీకరు బాక్సులు రెండు దిగాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదడమనే సామెత మనకి ఉండనే ఉంది. దాన్ని శాఖాపరంగా అమలు చేసిన ఘనత మాత్రం భుజంగరావు గారిదే.

పాఠాల డిస్కుల్లో శబ్దం లేదని తెలిసి ఆయన చిరునవ్వు నవ్వారు. "ఇలాంటివి ముందే ఊహించాను," అని బ్యాగులోంచి వేరే డిస్కు తీశారు. పథకం ప్రారంభోత్సవంలో ఆయనే చేసిన ఉపన్యాసం. గంటా పది నిమిషాలు. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మొదలవుతుంది.

వాల్యూము చివరికంటా తిప్పారు. కిటికీ అద్దాలు గజగజలాడాయి. ఎదురింటివాళ్ళ గేదె పలుపు తెంపుకుని బస్టాండు వైపు పారిపోయింది. లోకనాథం గారు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, పై అధికారి ఉపన్యాసానికి చెవులు మూసుకోవడం క్రమశిక్షణారాహిత్యం కిందికి వస్తుందేమోనని గుర్తొచ్చి మళ్ళీ తీసేశారు. పిల్లలు పదకొండుమందీ మాత్రం చేతులు కట్టుకుని నిశ్చింతగా కూర్చున్నారు.

"ఆహా! ఎంత శ్రద్ధ! ఇంత నిశ్శబ్దంగా విన్న శ్రోతల్ని నా సర్వీసులో చూడలేదు," అని భుజంగరావు గారు పొంగిపోయారు.

చివరి బెంచీలో నూకరత్నం కూర్చుంది. బాక్సుల అదురుకి బెంచీ వణుకుతోంది. ఆ వణుకు అరికాళ్ళలోంచి చక్కిలిగిలిగా పాకేసరికి ఆ పిల్ల కిసుక్కున నవ్వింది.

"వినబడింది!" అని భుజంగరావు గారు కేకేశారు.

"వినబడలేదు సార్. బెంచీ అదురుతోంది, అందుకని నవ్వింది," అంది సుగుణమణి.

"చూడమ్మా, శబ్దమనగా ప్రకంపనమే. ప్రకంపనము చేరినది, ముఖమున వికాసము కలిగినది. ఇంతకుమించి వినికిడి అంటే ఏమిటి? ఫారం తెండి. ఏ గడీ ఖాళీ వదలకూడదు. ఖాళీలున్న ఫారం చెల్లదు, అది నా సిద్ధాంతం."

నూకరత్నం ఫారం మొత్తం చదివింది. చదువొచ్చిన పిల్ల కదా! టీచరు వంక చూసి సైగలతో అడిగింది. 'నాకు వినబడలేదు. కానీ సంతకం పెడితే పాఠం వేస్తారా?'

సుగుణమణి ఒక్క క్షణం తటపటాయించింది. అబద్ధం సంతకం. నిజమే. కానీ పరీక్షలకి పది వారాలు కూడా లేవు. 'వేస్తారు, పెట్టు' అని సైగ చేసింది. ఆ సైగ చేసిన చేతుల్ని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో ఆవిడకే తెలుసు.

పాఠాలు మొదలయ్యాయి. పది రోజులు పండగే అనుకోండి. గుండె అయింది, ఊపిరితిత్తులు అయ్యాయి, అద్దాలూ కటకాలూ అయ్యాయి. పిల్లలు అన్నం దగ్గర కూడా చేతులు కడుక్కోకుండా కిరణం ఎటు వంగుతుందో వాదించుకునేవారు. నూకరత్నం అయితే తెర మీద ఆవిడ తప్పు చెప్పిందని ఒకచోట పట్టుకుంది కూడా. సుగుణమణి పుస్తకం తిరగేసి చూస్తే పిల్ల చెప్పిందే ఒప్పు!

పదకొండో రోజున టపాలో కాగితం వచ్చింది. భుజంగరావు గారి ఆఫీసులోనే ఇంకో మూల బధిర అర్హతా విభాగమని ఒకటుంది. ఫారం నాలుగు నకలు చేతులు మారి మారి అక్కడికి చేరింది. వాళ్ళు ఊరుకుంటారా మరి?

'సదరు నూకరత్నము అను విద్యార్థినికి శ్రవణశక్తి కలిగినందుకు ఈ కార్యాలయము హర్షము వ్యక్తము చేయుచున్నది. స్పష్టముగా వినబడువారు బధిరుల పాఠశాలకు అనర్హులు గనుక ఆమె ప్రవేశము రద్దు చేయడమైనది. హాల్ టికెట్టు నిలుపుదల చేయడమైనది. టీసీ ఇచ్చి పంపివేయవలెను.'

లోకనాథం గారు రూలు ప్రకారం తల్లికి కబురు పంపారు. ఆయన పంపింది 'మీ పిల్ల చదువు ఆగిపోయింది' అని కాదు. అంత మాట చెప్పడానికి నోరు రాక, కాగితంలో మొదటి వాక్యమే చెప్పి పంపారు.

గంటలో అప్పలనర్సమ్మ వచ్చేసింది. షెడ్డులోంచి అలాగే వచ్చింది, చేతులకి రొయ్యల వాసన. చెంగున మూటగట్టి పావుకిలో జిలేబీ.

"టీచరమ్మా! నా కూతురికి సెవులొచ్చీసినాయంట గదమ్మా! గవర్నమెంటోలే రాసినారంట గదా!"

వసారాలో నూకరత్నం అటు తిరిగి గోడమీద బొగ్గుతో ఏదో బొమ్మ గీసుకుంటోంది. అప్పలనర్సమ్మ నాలుగడుగుల దూరంలో ఆగింది. గొంతు సవరించుకుంది. పదిహేనేళ్ళలో పేరు పెట్టి పిల్లని వెనక నుంచి పిలవాల్సిన పని ఆవిడకి ఎప్పుడూ పడలేదు.

"రత్నం," అంది మెల్లిగా.

"రత్నవా!" అంది ఇంకాస్త గట్టిగా.

మూడోసారి వీధి చివరికి వినబడేట్టు పిలిచింది. పిల్ల బొమ్మ గీసుకుంటూనే ఉంది. అప్పలనర్సమ్మ వెళ్ళి భుజం మీద చెయ్యేసింది. నూకరత్నం తిరిగి చూసి, అమ్మని చూసిన సంతోషంలో నవ్వి, జిలేబీ అందుకుంది. తల్లి ఏడుస్తుంటే ఎందుకో తెలియక కొంగు తీసి కళ్ళు తుడిచింది. సుగుణమణి గదిలోకి పోయి తలుపు వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సంతకం పెట్టించింది తనే కదా!

ఏడ్చినంతసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, తిన్నగా బస్సెక్కి భుజంగరావు గారి ఆఫీసుకి పోయింది.

ఆయన సాంతం విన్నారు. "విచారకరమే," అన్నారు. "కానీ ఒకే బాలిక ఒకే శాఖ దృష్టిలో ఏకకాలమున వినియు, వినకయు ఉండజాలదు గదమ్మా. ఫారం ఉపసంహరించుకుంటారా? చేయవచ్చు. బాలిక మరల బధిర అగును. అయితే ధ్రువీకరణ లేనందున టీవీ, ప్లేయరు విడదీయవలసి వచ్చును."

"అంటే ఆ పిల్ల బడిలో ఉంటే పాఠాలుండవు. పాఠాలుంటే ఆ పిల్ల ఉండదు."

"సంక్షిప్తంగా చక్కగా చెప్పావు."

"పోనీ వేరే పిల్లతో సంతకం పెట్టిస్తే?"

"పెట్టించండి. ఆ పిల్లకీ హర్షము తెలుపుతూ లేఖ వచ్చును."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. పదకొండుమందిలో ఎవర్ని తోయమంటారు? సుగుణమణి తిరుగు బస్సులో కూర్చుని ఆ పద్నాలుగు పేజీల సర్క్యులరు మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టింది. లోకమంతా ఏడో నిబంధన దగ్గరే ఆగిపోయింది గానీ, మిగతాది చదివిన పాపాన ఎవరూ పోలేదు. రాసినవాళ్ళు కూడా చదివినట్టు లేదు. రెండో నిబంధనలో నిర్వచనాలున్నాయి. అందులో ఉంది: 'విద్యార్థి అనగా పరీక్షా సమయమున తరగతి గదిలోని బెంచీపై ఆసీనులై యుండు వ్యక్తి.'

వ్యక్తి! వయసు లేదు, తరగతి లేదు, చెవుల ప్రసక్తి లేదు. సుగుణమణి తర్వాతి స్టాపులో దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి మళ్ళీ ఆఫీసుకే పోయింది.

"సార్, ఒక్కమాట. ఇంత గొప్ప పథకం పదిహేనేళ్ళ పిల్ల సంతకం మీద నిలబడ్డం మీకే నామోషీ కాదూ? వినడమంటే ఏమిటో తెలిసినవారు చివరి బెంచీలో కూర్చుని, విని, ధ్రువీకరిస్తే దాని దర్జాయే వేరు. మీకంటే ఎవరున్నారు?"

భుజంగరావు గారు మీసం సవరించుకున్నారు. "నిజమే సుమా. పత్రికల వారిని పిలవవచ్చునా?"

"పిలుద్దాం సార్. ఫొటో కూడా తీయిద్దాం."

ఫిబ్రవరి రెండోవారంలో రెండో పరీక్ష జరిగింది. భుజంగరావు గారు చివరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. తన ఉపన్యాసం తనే గంటా పది నిమిషాలు కళ్ళు అరమోడ్చి విన్నారు. రెండుచోట్ల తనకి తనే చప్పట్లు కొట్టుకున్నారు. తర్వాత ఫారం నాలుగు తెచ్చి ముందు పెడితే 'నాకు స్పష్టముగా వినబడినది' అని గుండ్రటి అక్షరాలతో రాశారు.

"విద్యార్థి పేరు అని ఉందే?"

"నిర్వచనం ప్రకారం బెంచీ మీద ఉన్నవారే కదండీ," అంది సుగుణమణి.

"ఓహో. తరగతి అని ఉంది?"

"ఖాళీలు వదిలితే చెల్లదని తమరే సెలవిచ్చారు."

"అవును, చెల్లదు," అని ఆయన 'పదవ తరగతి' అని రాసి, కింద పొట్టి సంతకం కాకుండా పూర్తి సంతకమే పెట్టారు. లోకనాథం గారు గోడకి చేరబడి దేవుణ్ణి తలుచుకుంటున్నారు.

నూకరత్నం ఫారం ఉపసంహరించుకుంటున్నట్టు సుగుణమణి ఆ రోజే అర్జీ పెట్టించింది. వారంలో ఉత్తర్వు వచ్చింది. 'సదరు నూకరత్నమునకు కలిగిన శ్రవణశక్తి ఇందుమూలముగా రద్దు చేయడమైనది. ఆమె యథాపూర్వము బధిరగా కొనసాగవచ్చును.' సుగుణమణి ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. అలాంటి కాగితాన్ని కళ్ళకద్దుకున్న మనిషి భూప్రపంచంలో ఇంకొకరుండరు.

భుజంగరావు గారి ఫారం కూడా బధిర అర్హతా విభాగానికి చేరింది. వాళ్ళు దాన్ని క్షుణ్ణంగా పరిశీలించారు. స్పష్టంగా వినబడే విద్యార్థిని తీసేయాలి, బాగానే ఉంది. కానీ తీసేయాలంటే ముందు అతని బధిర ధ్రువపత్రం రద్దు చేయాలి. చూస్తే ఈ విద్యార్థికి అలాంటి పత్రమే లేదు. లేని పత్రాన్ని రద్దు చేసే అధికారం తమకి లేదు గనుక విద్యార్థి భుజంగరావు చదువు కొనసాగించవలసిందేనని తేల్చి, పేరు పరీక్షల విభాగానికి పంపేశారు. ఆ విభాగంవారు ఆయన పేరుకి నంబరు వేశారు. మార్చిలో బడికి పన్నెండు హాల్ టికెట్లు వచ్చాయి.

పన్నెండోది లోకనాథం గారు రిజిస్టరు పోస్టులో ఆయన ఆఫీసుకి పంపించారు. అక్కడి గుమాస్తా దాని మీద 'సమాచారము నిమిత్తము' అని రాసి ఫైల్లో కుట్టేశాడు. పైకి ఏ ఫైలొచ్చినా చదవకుండా సంతకం పెట్టడం భుజంగరావు గారికి అలవాటు. దీని మీదా పెట్టారు.

ఈలోగా బడిలో మిగిలిన పాఠాలన్నీ అయ్యాయి. రోజూ సాయంత్రం రెండేసి డిస్కులు వేసేవారు. ఆదివారాలు కూడా వదల్లేదు. పరీక్షలు అయ్యాయి. మే నెలలో ఫలితాలు వచ్చాయి. పదకొండుమందీ పాసు! నూకరత్నానికి సైన్సులో తొంభై ఒకటి. అప్పలనర్సమ్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇదన్నా నిజవేనా టీచరమ్మా?" అని అడిగింది. "నిజమే అప్పలనర్సమ్మా. ఈసారి నిజమే," అంది సుగుణమణి. అప్పలనర్సమ్మ తిన్నగా షెడ్డుకి పోయి, మాట్లాడి ఉంచిన పీట వద్దని చెప్పేసి వచ్చింది.

ఫలితాలొచ్చిన వారానికి సుగుణమణికి మెమో వచ్చింది.

'మీ పాఠశాలలో పన్నెండుమందికి పదకొండుమంది మాత్రమే ఉత్తీర్ణులైరి. తెర మీద పాఠము సదుపాయము సంపూర్ణముగా ఉండియు, శబ్దము స్పష్టముగా వినబడుచున్నట్లు ధ్రువీకరణ ఉండియు, భుజంగరావు అను విద్యార్థి అన్ని సబ్జెక్టులలోను అనుత్తీర్ణుడగుట తీవ్రముగా పరిగణించడమైనది. మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. సం. భుజంగరావు, ఉపసంచాలకులు.'

లోకనాథం గారు అది చదివి నెత్తి కొట్టుకుని, రిటైరుమెంటుకి మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. టీసీ కోసం వచ్చిన నూకరత్నం కూడా భుజం మీంచి తొంగి చూసి చదివింది. 'ఎవరీ భుజంగరావు? మా క్లాసులో లేడే?' అని సైగతో అడిగింది.

'చివరి బెంచీ,' అని సైగ చేసింది సుగుణమణి.

నూకరత్నానికి జాలేసింది. ఏదో చేతులతో చెప్పింది. సుగుణమణి నవ్వి, కాగితం తీసుకుని సంజాయిషీ రాయడానికి కూర్చుంది.

'అయ్యా, సదరు విద్యార్థి ఏడాది మొత్తంలో ఒక్కరోజే బడికి వచ్చియున్నాడు. ఆ రోజు కూడా తన ఉపన్యాసమే విన్నాడు. పరీక్షలకు అసలు రాలేదు. సప్లిమెంటరీ పరీక్షలు జూన్‌లో ఉన్నందున రేపటి నుంచి ఠంచనుగా తరగతికి హాజరు కావలెను. వచ్చేటప్పుడు తండ్రిగారిని వెంటబెట్టుకుని రావలెను. సైన్సు పాఠాలు దగ్గరుండి చెప్పడానికి మా నూకరత్నం ఒప్పుకున్నది.'